మొదటి రోజు సరస్సు దగ్గరే ఆగండి

థైలిన్ రాసిచ్చే కాగితంలో మొదటి రోజు ఒక్క జలపాతం కూడా ఉండదు.

గువాహటిలో కారు తీసుకుని, తామే నడుపుకుంటూ కొండ ఎక్కి సోహ్రా వచ్చేవాళ్ళకి ఆమె ఇంట్లో రెండు గదులున్నాయి. బయలుదేరే ముందు వాళ్ళు ఫోన్ చేసి, ఎక్కడెక్కడ ఆగాలో అడుగుతారు. థైలిన్ గళ్ళ కాగితం మీద గుండ్రని అక్షరాలతో రాస్తుంది. కూతురు ఇబా దాన్ని ఫోటో తీసి పంపుతుంది. పదేళ్ళుగా ఆ కాగితం మొదలు మారలేదు. "మొదటి రోజు తొందర వద్దు. ఉమియం సరస్సు దగ్గరే ఆగండి. ఆనకట్ట దాటాక మూడో మలుపులో నీలం రేకుల టీ కొట్టు ఉంటుంది. ఎర్ర టీ తాగండి, ఉప్పూకారం చల్లిన అనాసముక్కలు తినండి. గంటసేపైనా కూర్చోండి." ఆ తర్వాతే జలపాతాలు. ఏది పొద్దున చూడాలో, దేని దగ్గర మెట్లు జారుతాయో, ఎక్కడ మబ్బు దిగితే దీపాలు వేసుకుని నడపాలో అన్నీ రాస్తుంది. చివర్లో గీత కొట్టి, పెద్ద అక్షరాలతో ఇంకొకటి: "రెండు నుంచి మూడు మధ్య షిల్లాంగ్‌లోకి అడుగు పెట్టొద్దు. బడులు వదిలే వేళ."

"మెయ్, వాళ్ళు జలపాతాలు చూడ్డానికి వస్తుంటే నువ్వు టీ కొట్టు చూపిస్తావేంటి?" అని ఇబా తల్లిని ఏడిపిస్తుంది. "ఆ కొట్టావిడ నీకేమన్నా వాటా ఇస్తోందా?"

"కొండెక్కే ముందు మనిషి కాస్త కుదురుకోవాలి," అంటుంది థైలిన్. తలెత్తదు.

సాయంత్రం వాళ్ళు వచ్చి దిగగానే వేడి నీళ్ళకన్నా ముందు ఆ మాటే అడుగుతుంది. టీ బాగుందా? కొట్టులో ఎవరున్నారు? ముసలావిడా? ఎలా ఉంది, నవ్వుతోందా? వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఆ ముసలావిడ పేరు ఫిదాలియా. థైలిన్‌కి సొంత అక్క. తల్లి పొలంలో ఉంటే, వంటింటి రేకు మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించిన అక్క. థైలిన్ రాత గుండ్రంగా ఉండటానికి కారణం ఆ చెయ్యే.

ముప్ఫై ఆరేళ్ళ కిందట ఫిదాలియా షిల్లాంగ్‌లో కిత్‌బోక్ అనే లారీ గుమాస్తాను కట్టుకుంది. ఇంటిపేర్లు వేరు, ఊళ్ళు వేరు. ఎవరికీ అనుమానం రాలేదు. ఒక రోజు అమ్మమ్మ వక్కలు ఒలుస్తూ, ఎప్పుడో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు వాగు దాటి విడిపోయారనీ, చిన్నదాని సంతానం వేరే పేరు పెట్టుకున్నారనీ కథ చెప్పింది. ఆ పేరు కిత్‌బోక్‌ది. అంటే ఇద్దరిదీ ఒకే వంశం. అన్నాచెల్లెలి వరస. ఖాసీలకు అంతకు మించిన తప్పు లేదు. అమ్మమ్మకు మనవరాలి మొగుడి ఇంటిపేరు కూడా గుర్తులేదు. ఆమె కథ ఆమె చెప్పింది. గుర్తుపట్టింది పంతొమ్మిదేళ్ళ థైలిన్. ఆ రాత్రి మేనమామకు అన్నం వడ్డిస్తూ, తనకు తెలిసిన కొత్త సంగతి చెప్పుకునే పిల్ల ఉత్సాహంతో ఆ మాట అనేసింది. మేనమామ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

మూడు వారాల్లో వంశం పెద్దలు కూర్చున్నారు. వాణ్ణి వదులు, లేదా మమ్మల్ని వదులు అన్నారు. ఫిదాలియా కడుపుతో ఉంది. వాణ్ణి వదల్లేదు. ఆ రోజు నుంచి ఆమె చేతి క్వాయ్ ఎవరూ అందుకోకూడదు. క్వాయ్ అంటే పచ్చి వక్క, సున్నం రాసిన తమలపాకు. గడప తొక్కిన శత్రువుకైనా ముందు పెట్టేది అదే. చచ్చాక ఆమె ఎముకలు వంశపు రాతిగూటిలోకి రాకూడదు. ఖాసీల్లో ఇల్లు చిన్న కూతురిది కాబట్టి ఇల్లూ పొయ్యీ థైలిన్‌కి వచ్చాయి. వాటితోపాటు అక్కకు తలుపు మూసి ఉంచే పని కూడా.

మేనమామ పోయి పన్నెండేళ్ళయింది. కిత్‌బోక్ కూడా పోయాడు. ఇప్పుడు థైలిన్‌ని ఆపేవాళ్ళు ఎవరూ లేరు. వెళ్ళి "ఆ మాట చెప్పింది నేనే" అనడమే మిగిలింది. అది చేతకాక, దారినపోయే వాళ్ళందరినీ అక్క దగ్గరికి పంపుతోంది.

ఆరేళ్ళ కిందట ఒక అతిథి కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తెచ్చిచ్చాడు. "ఆ టీ కొట్టావిడ నా ఫోన్‌లో మీ కాగితం చూసిందండీ. ఈ రాత ఎవరిదని అడిగి, ఆ ఇంటికి ఇమ్మంది." విప్పితే క్వాయ్. ఆ పొట్లం పట్టుకుని థైలిన్ చాలాసేపు పొయ్యి దగ్గర కూర్చుంది. తినలేదు. పారెయ్యనూ లేదు. బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. తర్వాత వచ్చినవాళ్ళ చేత మరొకటి వచ్చింది, దాంతోపాటు ఒక ప్రశ్న: "తిన్నదా?" ఆ తర్వాత ప్రతిసారీ అంతే. డబ్బాలు మూడయ్యాయి. ఆకులు ఎండి పొడి అయ్యాయి, వక్కలు రాళ్ళయ్యాయి.

ఈ ఏడు వానలు వెనకపట్టాక, అక్టోబరులో ఒక బుధవారం సాయంత్రం నిర్మలి బరువా వచ్చింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన అస్సామీ మనిషి, ఒంటరిది. ఏటా తన చిన్న ఎర్రకారు తనే నడుపుకుంటూ వస్తుంది. థైలిన్ ఆమెను బాయిదేవ్ అంటుంది, ఆమె థైలిన్‌ని కాంగ్ అంటుంది; ఒకటి అస్సామీ, ఒకటి ఖాసీ, రెండూ అక్కే. ఒకసారి ఆమె పట్టుబట్టి అడిగితే థైలిన్ సంగతంతా చెప్పేసింది. ఎంత చెప్పినా, మామకు చెప్పింది తనేనన్న మాట మాత్రం మింగేసింది.

ఈసారి నిర్మలి చేతిలో పొట్లం లేదు. కారు దిగి, నడుం పట్టుకుని, వరండా బల్ల మీద కూలబడింది.

"బాయిదేవ్, టీ బాగుందా?" అంది థైలిన్.

"నీ టీ సంగతి తర్వాత, కాంగ్. కూర్చో. మీ అక్క గొంతులో పుండు లేచింది. శుక్రవారం మూడింటికి కొడుకు గువాహటి తీసుకెళ్తున్నాడు. శనివారం పొద్దున్నే ఆపరేషన్. ఆ తర్వాత మాట వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేదట."

థైలిన్ గళ్ళ పైగుడ్డ కొసను వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"ఇంకో మాట చెప్పమంది. 'తిన్నదా అని ఇక అడగనులే' అంది. నవ్వుతూనే అందిలే. కానీ నాకే ఎలాగో అయింది."

ఆ రాత్రి థైలిన్‌కి నిద్ర రాలేదు. అక్క గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే రాలేదు. ఉడుకు నీళ్ళు చల్లారిపోతున్నాయని వేసిన కేకలు గుర్తున్నాయి, జడ లాగి తిట్టిన తిట్లు గుర్తున్నాయి, గొంతు మాత్రం జారిపోయింది. చెప్పాలి. తిట్టినా సరే, ఆ గొంతుతోనే తిట్టించుకోవాలి. పొద్దున్నే నిర్మలి ముందు నిలబడి, "నన్ను తీసుకెళ్తావా?" అని అడిగింది.

"నువ్వా? పదేళ్ళుగా ఊరందరికీ దారి చెప్పి ఇల్లు కదలనిదానివి! ఎప్పుడు బయల్దేరదాం, చెప్పు."

థైలిన్ గళ్ళ కాగితం తెచ్చుకుని కూర్చుంది. తన కోసం తను రాసుకోవడం అదే మొదటిసారి. నిర్మలి ఆమె భుజం మీంచి చదివింది.

"ఎనిమిదింటికి ఇల్లు. దైన్‌త్లెన్ జలపాతం, ముప్పావు గంట. మాక్‌డోక్ వంతెన దగ్గర టీ. ఎలిఫెంట్ జలపాతం... ఒకటింటికి సరస్సు... ఏమిటిది కాంగ్? సూటిగా పోతే రెండున్నర గంటలు. పదిన్నరకల్లా మీ అక్క ముందుంటావు. పుట్టిపెరిగినదానివి, జలపాతాలు నీకెందుకు?"

"పదిన్నరకి వెళ్ళి మూడింటిదాకా ఆమె ఎదుట కూర్చుని ఏం చెయ్యను? రెండు గంటలు చాలు. రెండు గంటల్లో చెప్పలేనిది నాలుగు గంటలున్నా చెప్పలేను."

"నువ్వు రాసే విహారమంతా ఇంతేనా? నిదానం నిదానం అని మమ్మల్ని తిప్పుతుంటే, ఎంత తీరిక మనిషో అనుకునేదాన్ని. భయస్తురాలివన్నమాట!"

థైలిన్ నవ్వింది. కాగితం మాత్రం మార్చలేదు.

శుక్రవారం ఎండ కాసింది. మూడు డబ్బాలనూ సంచిలో సర్ది ఒళ్ళో పెట్టుకుంది. దైన్‌త్లెన్ దగ్గర నీళ్ళు నల్లరాతి గుంటల్లోంచి పొంగి అంచు మీంచి దూకుతున్నాయి. పొద్దున తొమ్మిదింటికి ఇంద్రధనుస్సు కనబడుతుందని ఇన్నేళ్ళూ రాసింది. నిజంగానే కనబడింది. చిన్నప్పుడు ఇక్కడికి వచ్చినప్పుడు అక్క ఆమె పైగుడ్డ ముడి పిడికిట్లో బిగించి పట్టుకునేది, లోయలోకి వంగి చూస్తుందని. ఆ సంగతి నిర్మలికి చెప్పబోయి మానేసింది. రాసుకున్న ముప్పావు గంట గంటన్నర అయింది.

ఎలిఫెంట్ జలపాతం దగ్గర మెట్లు దిగడమే కష్టమైంది. అన్నిటికన్నా కింద ఉన్న ధార దగ్గర తడి రాయి మీద కూర్చుంది. మోకాళ్ళు నొప్పి అంది. నీళ్ళ హోరులో తను చెప్పబోయే మాటను పైకి అని చూసుకుంది. "కాంగ్, మామకు చెప్పింది నేనే." తన చెవికే వినబడలేదు. మళ్ళీ అంది. నాలుగోసారికి కాస్త నిలకడగా వచ్చింది.

పై మెట్టు మీంచి నిర్మలి అరిచింది. "లేస్తావా, నిన్ను నీళ్ళకి అప్పజెప్పి పొమ్మంటావా?"

"ఐదు నిమిషాలు, బాయిదేవ్."

"ఇది నాలుగో ఐదు నిమిషాలు!"

కారు షిల్లాంగ్ దగ్గరికి వచ్చేసరికి రెండూ ఐదయింది. మొదటి మలుపులోనే నీలం కోట్లు, ఎర్ర టైలు కట్టుకున్న పిల్లలు రోడ్డు నిండా ఉన్నారు. టాక్సీలు ముక్కులు ఆనించుకుని ఆగిపోయాయి. నిర్మలి స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, మెల్లగా తల తిప్పి చూసింది.

"పెద్ద అక్షరాలతో రాస్తావు. కింద గీత కూడా కొడతావు."

థైలిన్ ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకుంది. పదేళ్ళలో ఒక్కరిచేత కూడా చెయ్యనివ్వని తప్పు అది. కిటికీలోంచి ఒక పిల్ల ఇంకో పిల్ల జడ లాగడం కనబడింది. గడియారం రెండున్నర దాటింది, మూడు కొట్టింది. కార్లు అరడుగు కదిలి ఆగుతున్నాయి. "దిగి నడుస్తాను," అంది ఒకసారి. "పదిహేను కిలోమీటర్లా?" అంది నిర్మలి. ఈసారి ఎగతాళి లేదు.

నీలం రేకుల కొట్టు చేరేసరికి మూడూ నలభై. సరస్సు మీద ఎండ వాలుగా పడింది. కొట్టులో ఫిదాలియా కోడలు ఒక్కతే అనాస తొక్కలు ఎత్తుతోంది. నిర్మలిని గుర్తుపట్టింది, పక్కనున్నావిడను చూసి చేతులు తుడుచుకుంది.

"పావుగంట అయింది వెళ్ళి. పొద్దుట్నుంచీ ఆ బల్ల మీదే కూర్చుంది పిన్నీ. ఈ ఆంటీ ఫోన్ చేసి మీరొస్తున్నారని చెప్పిందిగా, తల దువ్వించుకుంది, కొత్త పైగుడ్డ కట్టుకుంది. మా ఆయన మూడింటికి కారు తెస్తే, ఇంకాసేపు ఉండమంది. ఆస్పత్రివాళ్ళు చీకటి పడకముందే రమ్మన్నారని ఎత్తి కూర్చోబెట్టాడు."

బల్ల మీద తమలపాకులో చుట్టిన క్వాయ్ ఒకటి ఉంది. మీకే, అంది కోడలు.

"ఫోన్ చెయ్యమ్మా. ఇప్పుడే చెయ్యి," అంది నిర్మలి.

కోడలు కలిపి ఇచ్చింది. అవతల కారు హోరు. ఆ తర్వాత బొంగురుగా, బరువుగా ఒక గొంతు. థైలిన్‌కి ఆ క్షణంలో పాత గొంతు గుర్తొచ్చింది. దాని అడుగున అదే ఉంది.

"ఏమే, బడులు వదిలే వేళకి దిగావా? ఎన్ని కాగితాలు రాశావే, ఒక్కటీ చదువుకోలేదా?"

థైలిన్ నవ్వబోతే ఏడుపు వచ్చింది. క్వాయ్ తీసి నోట్లో పెట్టుకుంది. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత అక్క చేతిది. సున్నం కాస్త ఎక్కువ రాసింది, ఎప్పటిలాగే.

"ఏమిటా చప్పుడు?"

"నములుతున్నా."

"మెల్లగా నమలవే, వెర్రిదానా. వేడి ఎక్కుతుంది. నాకు ఏదో మాత్ర ఇచ్చారు, కళ్ళు మూతలు పడుతున్నాయి. నువ్వు మాట్లాడు. వింటూ ఉంటా."

థైలిన్ దవడలు ఆపింది. చెవులు వేడెక్కి, నుదుట చెమట పట్టింది. సరస్సు వైపు తిరిగింది. అమ్మమ్మ వక్కలు ఒలిచిన సాయంత్రం నుంచి మొదలుపెట్టింది. అన్నం వడ్డించడం, మామ చెయ్యి ఆగిపోవడం. "కాంగ్, చెప్పింది నేనే. తెలియక చెప్పాను. తెలిశాక కూడా ఎవరితోనూ అనలేదు." జలపాతం దగ్గర నేర్చుకున్న నిలకడ ఎక్కడికి పోయిందో, మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అయినా అన్నీ చెప్పింది. చెప్పి, ఆగి, చూసింది.

"కాంగ్? వింటున్నావా?"

కాసేపటికి మగగొంతు వచ్చింది. "పిన్నీ, అమ్మ నిద్రపోయింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఎప్పుడు పడుకుందో నేను చూసుకోలేదు, నడుపుతున్నా."

"ఏమన్నా అందా, నాయనా?"

"లేదు పిన్నీ."

వెనకే గువాహటి వెళ్ళనూవచ్చు, ఆ రాత్రి మళ్ళీ ఫోన్ అయినా చెయ్యవచ్చు. నిర్మలి రెండుసార్లు చేతికిచ్చింది కూడా. నిద్ర పాడు చెయ్యడం ఎందుకు అని రెండుసార్లూ పక్కన పెట్టింది థైలిన్. అది అక్క నిద్ర కోసం కాదని ఇద్దరికీ తెలుసు. పొద్దున ఏడింటికి ఆపరేషన్ జరిగింది. ప్రాణం నిలిచింది. మాట నిలవలేదు.

థైలిన్ తర్వాత ఆస్పత్రికి వెళ్ళింది, పక్కన కూర్చుంది, అన్నం గుజ్జు తాగించింది. ఫిదాలియా ఆమె చెయ్యి పట్టుకుంది. ఏదో అనబోయినట్టు పెదవులు కదిపి, మానేసింది. "కాంగ్, ఆ రోజు విన్నావా?" అని అడగడానికి ఎన్నో సార్లు నోరు తెరిచింది థైలిన్. కట్టు కట్టిన గొంతు చూసి, అడగలేకపోయింది. తలూపడంతో వచ్చే జవాబు ఆమెకు అక్కర్లేదు.

నవంబరు చివర్లో ఒక కుర్రజంట సామాను దించుకుంటూ పొట్లం అందించారు. "టీ కొట్టు దగ్గర ఒకావిడ ఇచ్చింది. ఏమీ మాట్లాడలేదండీ. మీ కాగితం చూసి ఇచ్చేసింది, అంతే."

"ఏమీ అడగలేదా?"

"లేదండీ."

థైలిన్ వాళ్ళకు వేడి నీళ్ళు పెట్టమని ఇబాతో చెప్పి, పొయ్యి దగ్గరికి వెళ్ళి పొట్లం విప్పింది. సున్నం ఎప్పటిలాగే ఎక్కువ. నోట్లో పెట్టుకుని, చెవులు వేడెక్కేదాకా మెల్లగా నమిలింది.