నాలుగు నిమిషాల ఇల్లు

నేను డిజైన్ చేసిన వాక్యూమ్ క్లీనర్ బరువు కిలోన్నర. పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది అదే. వైరు లేదు, వెనకాల ఈడ్చుకెళ్ళే డబ్బా లేదు. చేతికర్రలా పట్టుకుని ఇల్లంతా తిరగొచ్చు. ఆ కిలోన్నర కోసం మా ఆఫీసులో ఆరుగురం రెండేళ్ళు గ్రాము గ్రాముకీ కొట్టుకున్నాం. మరలు తీసేసి ప్లాస్టిక్ కొక్కేలు పెట్టాం. గొట్టాన్ని ఇక పలచన చేస్తే విరుగుతుందన్నంత వరకూ పలచన చేశాం. చివరికి బ్యాటరీ దగ్గర ఆగిపోయాం. చిన్నది పెడితే త్వరగా అయిపోతుంది. పెద్దది పెడితే పావుకిలో పెరుగుతుంది.

అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. పిడి కింద ఒక మీట పెడదాం, దాన్ని వేలితో నొక్కి ఉంచినంతసేపే మోటారు తిరుగుతుంది, కుర్చీ జరపడానికి చెయ్యి వదిలితే ఆగిపోతుంది, బ్యాటరీ మిగులుతుంది అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మా లెక్కలో ఇల్లంటే నాలుగు నిమిషాలు. ఇలాంటి మిషన్‌ని బయటికి తీస్తే జనం సగటున అంతసేపే వాడతారని మా సర్వేలో తేలింది. సోఫా కింద, భోజనాల బల్ల కింద, అయిపోయింది. అందుకని మా పరీక్షలన్నీ నాలుగు నిమిషాలవే.

మా అక్క హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. రోజుకి పదహారు. మిషన్ దుకాణాల్లోకి వచ్చిన నెలలో ఫోన్ చేసింది.

"బుజ్జీ, మా మేనేజరు కొత్తవి కొంటాడట. నీది చెప్పనా? రోజంతా వాడితే తట్టుకుంటుందా?"

"భేషుగ్గా తట్టుకుంటుంది. బ్యాటరీలు రెండేసి కొనమను, అంతే."

తను మిషన్ గురించి అడిగింది, నేనూ మిషన్ గురించే చెప్పాను. అబద్ధం కాదు. ఆ మాట పట్టుకునే అయిదు నెలలు హాయిగా ఉన్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం, తనతో పనిచేసేవాళ్ళు నన్ను చూస్తామంటున్నారని అక్క రమ్మంది. మెట్లు దిగి వెళ్తే హోటల్ అడుగున దుప్పట్ల గది. ఉతికిన బట్టల వేడి ఇంకా పోలేదు. టీ తాగుతున్న ఏడెనిమిది మంది ఆడవాళ్ళు లేచి నిలబడబోతే అక్క చేత్తోనే కూర్చోమంది. ఆ చేతి చూపుడువేలికి తెల్లటి పట్టీ ఉంది.

"వేలికేమైంది?"

"తలుపు సందులో పడింది."

కురచగా ఉన్న ఒకావిడ ఫక్కుమంది. ఆవిణ్ణి అందరూ పొట్టక్క అంటారట.

"ఆ తలుపు మహా చెడ్డదండీ మేడమ్. ఇదిగో, నా వేలూ అందులోనే పడింది. దీనిదీ, ఆ మూల కూర్చున్నదానిదీ. వరసకట్టి పెట్టినట్టున్నాం."

"ఊరుకో వదినా," అంది అక్క.

గోడకి నా మిషన్లు పద్నాలుగు వేలాడుతున్నాయి. పిడి దగ్గర ప్లాస్టిక్ ఒరుసుకుపోయి, తాడు కట్టి విప్పిన జాడలున్నాయి. చివరి దానికి మాత్రం జడ రిబ్బను ఇంకా అలాగే ఉంది, మీటని పిడికి బిగించి ముడేశారు. నా చూపు అటు వెళ్ళగానే అక్క గబగబా వెళ్ళి ముడి విప్పబోయింది. నొప్పి వేలితో ముడి రాలేదు.

"ఉండనీ వదినా, చూడనీ. నువ్వు పొద్దున్నించీ విప్పించినవి చాలు," అంది పొట్టక్క. నావైపు తిరిగింది. "మీట అలా నొక్కిపెట్టి పదహారు గదులు చెయ్యాలంటే సాయంత్రానికి ఈ వేలు ముడుచుకుంటే మళ్ళీ రాదండి. రెండో చేత్తో లాగితే టక్కుమని వస్తుంది. అందుకని కట్టేస్తున్నాం. కడితే బ్యాటరీ మూడో గదిలోనే పోతుంది. మేనేజరుని అడిగితే, మీ వదిన చెల్లెలు చేసిందేగా, ఆవిణ్ణే అడగండి అన్నాడు. వడ్డించేది మనవాళ్ళయితే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మాకు మనవాళ్ళే వడ్డించారు మరి, కడుపు నిండిపోయింది."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. తలెత్తి నన్ను చూసింది.

"చెప్పవే. వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. ఇలా అవుతుందని నీకు తెలిస్తే అలా చేస్తావా?"

"తెలీదక్కా," అన్నాను.

"విన్నారా! నే చెప్పలా? దానికి తెలిస్తే చెయ్యదు!"

అక్క మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేక నేను వాళ్ళిచ్చిన టీ గ్లాసులోకి చూశాను.

తెలుసు. మా ఆఫీసు ఊడ్చే ఆవిడ చేతికి మొదటి నమూనా ఇచ్చింది నేనే. నాలుగు నిమిషాలు కాదు, ఆవిడ దానితో రెండు అంతస్తులు చేసి వచ్చింది. "మిషన్ బంగారంలా ఉందమ్మా, వేలే పీకేస్తోంది. ఫ్యాను స్విచ్చిలా ఒకసారి వేస్తే ఉండిపోయేలా పెట్టండి," అంది. అలా పెడితే పెద్ద బ్యాటరీ కావాలి. పెద్ద బ్యాటరీ పెడితే పెట్టె మీద కిలోన్నర ఉండదు. నివేదికలో నా చేత్తో రాశాను: "మొదటి వారం వేలికి కొత్తగా అనిపిస్తుంది. అలవాటవుతుంది." వారం తర్వాత ఆవిణ్ణి మళ్ళీ అడగలేదు. ఏం చెబుతుందో తెలుసు కాబట్టే అడగలేదు.

టీ అయ్యాక అక్క వెంట మూడో అంతస్తుకి వెళ్ళాను. "ఎలా పనిచేస్తుందో నువ్వే చూద్దువుగాని," అంటూ మిషన్ తీసుకుంది. నాకోసం రిబ్బను లేనిదే తీసుకుంది. మంచం కింద కుడిచేత్తో, కిటికీ దగ్గర ఎడమచేత్తో, తివాచీ మీద రెండు చేతులూ వేసి నొక్కుతూ తిరిగింది. చెయ్యి మార్చినప్పుడల్లా మోటారు ఆగుతోంది. ఆగినప్పుడల్లా, అది నీ తప్పు కాదులే అన్నట్టు నావైపు చూసి నవ్వుతోంది.

"నాకు తెలుసక్కా," అన్నాను.

మోటారు చప్పుడులో వినబడలేదు. "ఆఁ?"

"వేలు నొప్పెడుతుందని నాకు ముందే తెలుసు. ఒకావిడ చెప్పింది. బరువు పెరుగుతుందని మార్చలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడూ తెలుసు."

మీట వదిలేసింది. మిషన్‌ని గోడకి ఆనించి, సర్దిన మంచం మీద కూర్చుంది. గదులు శుభ్రం చేసేవాళ్ళు అక్కడ కూర్చోకూడదు.

"ఇందాక తెలీదన్నావు."

"అన్నాను."

"వాళ్ళ ముందు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. పట్టీ అంచుని గోటితో లేపుతూ కూర్చుంది.

"మూడోరోజే పొట్టక్క పాతవి తెప్పిద్దామంది. నేనే అడ్డుపడ్డాను. పది రోజులాగండి, అలవాటైపోతుంది అన్నాను. ఒకదాన్ని తిట్టాను కూడా, పని దొంగవని." పట్టీ వదిలేసి, "నాకు చెప్పి ఏం లాభమే? పద, వాళ్ళకి చెప్పు," అంది.

"అందరి ముందా?"

"అందరి ముందే కదా తెలీదన్నావు."

మళ్ళీ మెట్లు దిగి వెళ్ళాం. దుప్పట్ల గదిలో నలుగురే మిగిలారు, బండ్లలోకి తువ్వాళ్ళు సర్దుకుంటున్నారు. అక్క తలుపు దగ్గరే ఆగిపోయింది. చెప్పాను. అక్కకి చెప్పినంత తిన్నగా రాలేదు. మధ్యలో బ్యాటరీ అనీ, సర్వే అనీ ఏదో అన్నాను. వాళ్ళు అర్థంకాక చూస్తుంటే మళ్ళీ మొదలుపెట్టి, "తెలిసే చేశాను. ఇందాక అబద్ధం చెప్పాను," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పొట్టక్క చేతిలోని తువ్వాలుని నాలుగు మడతలు వేసి బండిలో పెట్టింది.

"వచ్చే మోడల్లో ఒకసారి వేస్తే ఉండిపోయే స్విచ్చి పెట్టిస్తాను," అన్నాను. "బరువు పెరిగినా సరే. దాని డ్రాయింగు ఇంకా నా బల్ల మీదే ఉంది."

"వచ్చేది వచ్చేవాళ్ళకి మేడమ్. ఈ పద్నాలుగు?"

వెనక్కి తీసుకోమని ఆఫీసులో అడుగుతానన్నాను. ఆ అడగడం ఎలా ఉంటుందో, నా నివేదిక నేనే తీసి చూపించాల్సి వస్తుందని, అంటున్నప్పుడే తెలుసు.

"అడగండి," అంది పొట్టక్క, మర్యాదగానే. బండి తోసుకుంటూ అక్క పక్కనుంచే వెళ్ళింది. వదినా అని పిలవలేదు.

బయటి గేటు దాకా అక్క నాతో వచ్చింది. నేను చెయ్యి పట్టుకోబోతే తీసేసుకుంది. వేలు నొప్పి వల్లో, అది నా చెయ్యి కావడం వల్లో తెలియలేదు.

"నువ్వు చెప్పేసి వెళ్ళిపోతున్నావు," అంది. "నేను రేపు పొద్దున ఏడింటికి ఆ గదిలోకి వెళ్ళాలి."

లోపల్నుంచి ఎవరో గది నంబరు పిలిచారు. వస్తున్నానంటూ అక్క వెళ్ళిపోయింది.