నీలిమంట వాలిన వైపు

తెల్లారుతూనే పెట్రొనేలా బట్టీ కింద నిప్పు రాజేసేది. తొందరపడి మంట ఎగదోస్తే రాగిబానలో పులిసిన రై గింజల జావ అడుగంటి, సరుకంతా మాడువాసన కొడుతుంది. అందుకని కట్టెలు ఒక్కొక్కటే పెడుతూ, గొట్టం చివర ధార సన్నగా మొదలయ్యేదాకా పీట మీద కూర్చునేది. మొదటి ధారని అరచేతిలో పట్టి, రుద్ది, వాసన చూసేది. ముక్కులో సూది గుచ్చినట్టుంటే అది విషం. ఆ ఘాటు పోయి వేడి రొట్టె వాసన రాగానే జాడీ మార్చేది. తడిసిన కంబళి వాసన మొదలైతే మళ్ళీ మార్చేది. నడుమ వచ్చిందే వోడ్కా. ఎంత మంచి రై పోసినా, ఎంత తేటైన బావినీళ్ళు పోసినా, ఆఖర్న బర్చ్ చెట్టు బొగ్గులో ఎన్నిసార్లు వడగట్టినా, జాడీ మార్చే ఆ ఘడియ తప్పితే అంతా దండగే.

దీన్ని పుట్టించింది మేమంటే మేమని పోలిష్ మగాళ్ళూ మాస్కో మగాళ్ళూ సారాకొట్లో బల్లలు గుద్దుకుంటారు. పెట్రొనేలా ముత్తవ్వ రోజుల్లో ఆడవాళ్ళు దీన్ని వంటింట్లో మూలికలేసి కాచి, బాలింతల నడుములకీ పిల్లల గాయాలకీ రాసేవాళ్ళు. మగాళ్ళు తాగడం మొదలెట్టాక దానికి చరిత్ర వచ్చింది. అమ్ముకోవచ్చని తెలిశాక దొర వచ్చాడు. ఇప్పుడు కాచే హక్కు దివాణానిది, కాచే చాకిరీ పెట్రొనేలాది.

దివాణాన్ని నడిపేది దివాను ఒనుఫ్రి. మొదటి ధార పారబోస్తే ఒప్పుకునేవాడు కాదు. నడిమి ధార దివాణం బల్లకి, మొదటి ధార కలిపింది సారాకొట్లో కూలీలకి అని అతని హుకుం. ఆ కలిపిన సరుకు తాగీ తాగీ పెట్రొనేలా మొగుడికి చూపు మసకబారింది. ఓ చలికాలం గడ్డకట్టిన నది మీద మంచు ఎక్కడ పలచనో కానరాక మునిగిపోయాడు. అప్పట్నుంచీ ఆమె మొదటి ధారని చాటుగా ముళ్ళపొదల్లో పారబోసి, ఆ మేరకు సారాకొట్టు సరుకులో నీళ్ళు కలిపేది. పట్టుబడితే కొరడా దెబ్బలని తెలుసు. గుమ్మంలో నీడ కదిలినా జాడీ వెనక్కి దాచేది.

ఏటా చలికాలం మొదట్లో వచ్చే సెయింట్ మార్టిన్ పండగనాడు కొత్త సరుకు పరీక్ష. రాగి గిన్నెలో కాస్త పోసి, పుల్లతో అంటిస్తారు. మంచి సరుకైతే నీలంగా మండుతుంది. ఆ ఊళ్ళో ఆ మంట నిటారుగా నిలబడదు. అక్కడున్నవాళ్ళలో అందరికంటే ఎక్కువ భయపడుతున్న మనిషి వైపు వాలుతుంది. గాలి ఎటు వీచినా అంతే. ఊరివాళ్ళు ఓసారి అటు చూసి, టోపీలు సర్దుకుని, తమ పనిలో పడతారు. కొన్నేళ్ళుగా అది పెట్రొనేలా వైపే వాలుతోంది.

ఈసారి పండగకి ముందు ఆదివారం, చర్చి మెట్ల మీద ఒనుఫ్రి ఆమెని ఆపాడు. పరీక్షనాడు కూతురు రొజాల్కాని బట్టలమూటతో సహా తీసుకురమ్మన్నాడు. తన బల్ల దగ్గర వడ్డించడానికి పిల్ల కావాలట. నిరుడు అలాగే టెక్లా ముసలమ్మ మనవరాల్ని తీసుకెళ్ళాడు. వసంతంలో తిరిగొచ్చిన ఆ పిల్ల ఇప్పటిదాకా నోరు విప్పలేదు.

"నీ పిల్లని తీసుకుని పారిపోవే," అంది టెక్లా.

"ఎక్కడికవ్వా? పక్క ఊరి దివాను ఇతని బావమరిదే."

పండగనాడు బట్టీ ముందు ఊరంతా చేరింది. రొజాల్కా మూట గుండెకి హత్తుకుని తల్లి వెనక నిలబడింది. ఆ పిల్ల పళ్ళు టకటకలాడడం పెట్రొనేలాకి వినబడుతూనే ఉంది. గిన్నె అంటించారు. మంట నీలంగా లేచి, తల్లి వైపు ఒంగింది.

ఒనుఫ్రి నవ్వి, ఆనవాయితీ ప్రకారం తొలి గ్లాసు అందుకున్నాడు. "ఇంకా నీవైపేనా? నీ కూతుర్ని కొరుక్కు తిననులేవే."

పెట్రొనేలా కూతురికి అడ్డంగా జరిగింది.

"ఒక్క మాటయ్యా. మొదటి ధార ఓ జాడీలో, నడిమి ధార ఓ జాడీలో పట్టాను. పిల్ల దిగుల్లో ఏది ఎక్కడ పెట్టానో మరిచిపోయాను."

గ్లాసు అతని పెదాల దగ్గర ఆగింది. "వాసన చూసి చెప్పు."

"ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయిందయ్యా."

"తాగండి దివానుగారూ," అంది వెనకనుంచి టెక్లా. "కూలీలకి అదీ మంచిదేనన్నారుగా."

పెట్రొనేలా కూతురి చెయ్యి పట్టుకుని ముందుకి తెచ్చింది. "తీసుకెళ్ళండయ్యా. జాడీల పనంతా నేర్పాను. ఇకనుంచి పూటపూటా తమ గ్లాసులోకి ఈ పిల్లే పోస్తుంది. కాకపోతే దీనికీ నా మతిమరుపే వచ్చింది."

గిన్నెలో మంట వణికింది. తల్లిని వదిలి, పిల్లని దాటి, మెల్లగా తిరిగి ఒనుఫ్రి బూట్ల వైపు వాలింది. ఊరంతా అటు చూసింది. ఈసారి ఎవరూ చూపు తిప్పుకోలేదు.

ఒనుఫ్రి గ్లాసు బల్ల మీద పెట్టాడు. పిల్ల మరీ చిన్నది, పనికిరాదని గొణిగాడు. గుర్రం ఎక్కేటప్పుడు రికాబు అందక కాలు జారింది.

పెట్రొనేలా ఆ గ్లాసు తీసుకుని ఒక్క గుక్కలో తాగింది. వేడి రొట్టె వాసన. మొదటి ధార ఎప్పట్లాగే ముళ్ళపొదల్లో ఇంకిపోయి ఉంది.

"మూట విప్పవే," అంది కూతురితో. "బానలో జావ చల్లారిపోతోంది."