వదులుగా పట్టిన మణికట్టు

కుట్టుమిషన్ మీద వంగి వంగి నడుం పట్టేసిందని మా ఆవిడ అరవై రెండో ఏట ఐకిడో అనే జపాను కుస్తీ నేర్పే క్లాసులో చేరింది. ఆరు నెలలుగా అక్కడి టీచరమ్మ నేర్పింది ఒక్కటే తిప్పు. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే చెయ్యి లాక్కోకూడదు. ఆ మనిషి పక్కకి అడుగేసి, గిర్రున తిరిగి, అతను చూసేవైపే చూస్తూ నిలబడాలి. ఆ విసురుకి పట్టుకున్నవాడే తూలిపోవాలి. ఇంట్లో సాధనకి పట్టుకునేవాడు కావాలి కదా, ఆవిడ పాటలకి ‘ఆహా’ అనే ఉద్యోగంతోబాటు ఇదీ నాకే పడింది.

రోజూ పొద్దున్నే నేను పట్టుకోవడం, ఆవిడ తిరగడం, నేను పోయి బీరువాకి గుద్దుకోవడం. మంగలి దుకాణంలో అయితే, ఆవిడ నన్ను కిటికీలోంచి విసిరేసిందనీ, ఎదురింటి మేడమీద దుప్పట్లారేసిన తీగ పట్టుకుని బతికిపోయాననీ చెప్పాను.

ఆదివారం పరీక్ష. "తప్పానంటే మళ్ళీ ఆ గడప తొక్కనండీ" అంది బయల్దేరేముందు.

టీచరమ్మ తోటి విద్యార్థుల్లోంచి, బేకరీలో పిండి పిసికే ఒకాయన్ని పిలిచింది. ఆయన పట్టాడు. మా ఆవిడ అడుగేసింది. ఆయన గుంజలా కదల్లేదు. రెండోసారీ అంతే.

"ఇంట్లో రోజూ వస్తుందమ్మా! కావాలంటే మా ఆయన్నడగండి" అంది మా ఆవిడ, మొహం పాలిపోయి.

అందరూ నావైపు తిరిగారు. ఇన్నాళ్ళూ తిరిగింది నేనే! పాపం ఆవిడ నడుం నొప్పెడుతుందేమోనని రెండు వేళ్ళతో పట్టుకుని, నా అంతట నేనే బీరువా దాకా పరిగెత్తేవాణ్ని. ఆ మాట నీళ్ళు నములుతూ ఒప్పుకున్నాను.



"అదీ సంగతి! మీ అడుగు సగంలో ఆగిపోతోంది" అంది టీచరమ్మ. "మిగతా సగం ఈయన వేస్తున్నాడన్నమాట. ఇంకొక్క అవకాశం ఉంది. బాబాయిగారూ, మీరే పట్టండి. నిజంగా పట్టండి."

ఉన్న బలమంతా పెట్టి పట్టాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు, వాటి వెనక నిప్పులు. చెయ్యి లాక్కోలేదు. అడుగు మొత్తం వేసింది.

తర్వాత నాకు కనిపించింది పైకప్పుకి తిరిగే ఫ్యాను.

"నెగ్గారు!" అని టీచరమ్మ గొంతు ఎక్కణ్ణించో వినిపించింది. మంగలి దుకాణంలో ఈ ఒక్కటీ ఎవడూ నమ్మడు అనుకుంటుండగా మా ఆవిడ నామీదికి వంగింది.

"ఏవండీ, నా పాటలు బావుంటాయన్నది కూడా ఇలాగేనా?"

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి, కళ్ళు మూసుకుని స్పృహ తప్పినట్టు నటించాను.