సారు చదవని నా చదువు

“మాస్టర్ చెకప్పా? మంచి పని చేస్తున్నారమ్మా. తప్పకుండా వెళ్ళండి,” అన్నారు మా ప్రిన్సిపాల్ గారు.

నేనన్నది ‘మాస్టర్స్ చేస్తున్నానండీ’ అని. ఉన్నత విద్యా నాయకత్వంలో మాస్టర్స్, ఆన్‌లైన్లో. వారానికి రెండు సాయంత్రాలు లైవ్ క్లాసు ఉంటుంది కాబట్టి ఆ రెండు రోజులూ కాస్త ముందుగా వెళ్ళనివ్వమని అడగడానికి ఆయన గదిలోకి వెళ్ళాను. అప్పుడాయన ఒక చెవి ఫోనుకిచ్చి, రెండో చెవి నాకిచ్చారు. ఫోను చెవిలో మాట తిన్నగానే పోయింది. నాకిచ్చిన చెవిలోదే దారి తప్పింది.

“చెకప్ కాదండీ, చదువు. ఉన్నత విద్యా...”

“చదువూ సంధ్యా తర్వాతమ్మా, ముందు ఒళ్ళు చూసుకోండి,” అంటూ నా అర్జీ మీద సంతకం గీకి ఇచ్చేశారు. అందులో ‘చదువు నిమిత్తం’ అని గుండ్రటి అక్షరాలతో రాసే ఉంది. ఆయన చదివితే కదా!

మధ్యాహ్నానికల్లా కబురు ఆఫీసంతా పాకింది. అటెండరు బాబాయ్ టీ తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఇదేంటి బాబాయ్, ఇంత చప్పగా ఉంది?”

“షుగరంట కదమ్మా మీకు.”

“ఎవరన్నారు? నాకే జబ్బూ లేదు. చదువుకుంటున్నాను, అంతే.”

“మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా. మా బావమరిదీ అలాగే అన్నాడు,” అని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

బావమరిది ఏమయ్యాడో అడిగే ధైర్యం లేక ఆ చప్పటి టీ గుటుక్కున మింగేశాను.

నేను ఈ కాలేజీలో పరీక్షల విభాగం సూపరింటెండెంటుని. పేరులో ‘సూపర్’ ఉంది, పనిలో ‘టెన్షన్’ ఉంది. ఈ వయసులో, మోకాళ్ళు కిర్రుమంటున్న వేళ, నేను మళ్ళీ పుస్తకం పట్టడానికి కారణం ఒక టైంటేబుల్. కిందటేడు సారు చివరి నిమిషంలో ఏదో మార్పు చెప్పారు. దానివల్ల ఒకే పూట రెండు పేపర్లు పడ్డాయి. ఆ రెండూ తీసుకున్న పిల్లలు ఏకకాలంలో రెండు గదుల్లో కూర్చోవాలన్నమాట. నేను తప్పు పట్టుకుని, సరిచేసిన కాపీతో పరిగెత్తాను.

“సంతకం అయిపోయాక మారిస్తే నా మాటకి విలువేముంటుందమ్మా?” అన్నారు సారు.

ఆయన మాట నిలబడింది. పిల్లలు పరీక్ష హాలు బయట నిలబడ్డారు. ఒక పిల్ల హాల్ టికెట్టు నా ముందు చాపి, “ఏది రాయమంటారు మేడమ్, ఏది వదిలెయ్యమంటారు?” అని అడిగింది. ఏడవలేదు. నిజంగానే అడిగింది, నాకు తెలిసి ఉంటుందని. ఆ పిల్లకి ఏడాది పోయింది. తర్వాత విచారణ జరిగింది. విచారం మాకు మిగిలింది. ‘సెక్షన్ లోపం’ అని నా చేతిలో మెమో పెట్టారు.

మా దగ్గర రిజిస్ట్రార్ కుర్చీ ఖాళీగా ఉంది. టైంటేబుల్ మీద ఆఖరి సంతకం ఆ కుర్చీది. కూర్చునే మనిషి లేక అదీ సారే గీకుతున్నారు. నేను ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే అర్హత లేదన్నారు. అర్హత అంటే ఈ డిగ్రీ. సరే, ఆ అర్హతేదో తెచ్చి ఈ బల్ల మీద పడేస్తానని పంతం పట్టి చేరాను. ఇంకొక్క పిల్ల నా ముందు హాల్ టికెట్టు చాపి అలా అడగడానికి వీల్లేదు.

నేను చేరాక కొద్ది రోజులకే యాజమాన్యం కాలేజీ పెద్దలకూ ఆ డిగ్రీ ఉండాలంది. సారు కూడా అదే కోర్సులో, అదే క్లాసులో చేరారు. చేరి, నన్ను పిలిచారు.

“ఏదో అసైన్‌మెంటంటమ్మా. డ్రాఫ్టు పెట్టండి.”

మా ఆఫీసులో పద్ధతే అది. కింద వాళ్ళు డ్రాఫ్టు పెడతారు, పై వాళ్ళు సంతకం పెడతారు. ఉత్తరమైనా, నివేదికైనా, సంతాప సందేశమైనా అంతే. డిగ్రీ కూడా ఒక ఫైలే అనుకున్నారు ఆ మహానుభావుడు.

“సార్, నేను కూడా ఆ క్లాసులోనే...”

“ఆఁ, క్లాసుగానే రాయండి. మీ చేతిరాత సంగతి నాకు తెలీదా!”

ఒళ్ళు మండిపోయింది. అయినా రాశాను. రాయక చస్తానా? అసైన్‌మెంట్‌లో సైన్ ఆయనది, మెంటల్ నాకు. లీడర్‌షిప్ అన్నా అంతే. లీడరు ఆయన, షిప్పు నేను. ఎక్కి కూర్చునేది ఆయన, నీళ్ళలో నానేది నేను.

లైవ్ క్లాసులో ఆయన ఒక నల్ల డబ్బా. కెమెరా ఉండదు, గొంతు ఉండదు, కింద ‘ప్రిన్సిపాల్’ అని మాత్రం ఉంటుంది. హాజరు వేయించుకుని వెళ్ళిపోతారు. పక్క డబ్బాలో ఎవరున్నారో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

“ఆ నల్ల డబ్బా ఎవరోయ్?” అన్నారు ఒకరోజు మా ఆయన, నా భుజం మీదుగా తొంగి చూసి.

“మా సారు.”

“మనిషి కన్నా డబ్బాయే నయంలా ఉంది. అరవడం లేదు. అయినా ఆయన పాఠాలు నువ్వెందుకు రాస్తున్నావు?”

“ఏడాదికోసారి నా పనితీరు మీద రిపోర్టు రాసేది ఆయనే కదండీ.”

“అదీ నువ్వే డ్రాఫ్టు పెడతావుగా?”

“పెడతాను.”

“మరింకేం, నీ గురించి నువ్వే కాస్త బాగా రాసుకో,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నాకు నవ్వు రాలేదు. వస్తే పళ్ళు నూరడం ఆపాల్సి వచ్చేది.

చివరికి ఆఖరి పేపరు వచ్చింది. ‘మీ సంస్థలో నాయకత్వం ఎక్కడ విఫలమైంది, మీరైతే ఏం మారుస్తారు?’ సగం మార్కులు దానికే. అది తప్పితే డిగ్రీ లేదు. నెలల తరబడి రాశాను. ఆ టైంటేబుల్ కథ రాశాను, ఆ పిల్ల ప్రశ్న రాశాను, డ్రాఫ్టు పెట్టడం అనే మా జబ్బు గురించి రాశాను. ఏ కాగితం ఎవరు రాశారో వాళ్ళ పేరుతోనే పైకి వెళ్ళాలని, తప్పు పట్టుకున్నవాళ్ళకి ఆపే అధికారం ఉండాలని రాశాను. సారుకి వేరే పేపరు రాసి పెట్టాను. గ్రంథాలయం వేళల గురించి, ఎవరికీ నొప్పి తగలకుండా.

గడువు రోజున నా కాగితాలు ప్రింటు తీసి సారు పేపరు మీద పెట్టాను. పేరున్న అట్ట పేజీ ఇంకా ప్రింటు కాకుండానే, ఇన్విజిలేటరు రాలేదని కబురొస్తే పరీక్ష హాలుకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద గ్రంథాలయం ఉంది. నాది లేదు.

“బాబాయ్! ఇక్కడి కాగితాలేవి?”

“సారొచ్చి పట్టుకెళ్ళారమ్మా. పైనున్నదే తనదయ్యుంటుందని, స్కాన్ చేయించి పంపించేశారు.”

“చదివారా?”

బాబాయ్ నావంక జాలిగా చూశాడు. జబ్బు ముదిరిందనుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో నా పేపరు పంపబోతే తెర ఎర్రబడింది. ఇదే పేపరు ఇదే క్లాసులో ఇంకొకరు ముందే సమర్పించారట, నాది నకలుట! నా రాతకి నేనే దొంగని! అరికాలి మంట నెత్తికెక్కింది. సారుకి ఫోన్ చేశాను.

“సార్, ఇవాళ మీరు పట్టుకెళ్ళిన కాగితాలు నావి.”

“మీదీ నాదీ ఏంటమ్మా? అంతా కాలేజీదే.”

“కాదండీ, అది నా మాస్టర్స్ పేపరు!”

“అయ్యో, చెకప్ పేపర్లా? కలిసిపోయాయేమో చూడమంటాను. దొరక్కపోతే హాస్పిటల్లో అడగండి, మళ్ళీ ఇస్తారు. ఇంతకీ మీ డ్రాఫ్టు అద్భుతమటమ్మా! టీచరు ఇప్పుడే రాశారు. ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదు, శుక్రవారం క్లాసు మొత్తానికి మీరే చదివి వినిపించండి అని. మన స్టాఫ్ అందర్నీ సెమినార్ హాలుకి రమ్మన్నాను. పెద్ద తెర కూడా పెట్టిస్తున్నాను.”

“సార్, మీరది ఒక్కసారి చదివారా?”

“మీరు రాశారుగా. మళ్ళీ నేను చదవడం దేనికి?”

ఫోను పెట్టేశారు. నేను టీచరు గారికి ఈ పేపరు సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ‘శుక్రవారం ఇద్దరూ రండి. ముందు ఆయన్ని చదవనివ్వండి. తర్వాత మీ మాట వింటాను,’ అని ముక్తసరిగా జవాబొచ్చింది. నమ్మారో లేదో తెలీదు. నమ్మకపోతే కాపీ కొట్టినదాన్నని పేరు తీసేస్తారు. కుర్చీ సంగతి అటుంచి, ఉన్న స్టూలు కూడా ఉండదు.

శుక్రవారం సెమినార్ హాలు నిండిపోయింది. వేదిక మీద సారు, ఆయన వెనక పెద్ద తెర, తెర మీద టీచరు గారు, చుట్టూ చిన్న చిన్న గళ్ళలో క్లాసు జనం. సారు మొదటిసారి కెమెరా వేశారు, కొత్త కోటుతో. నేను చివరి వరసలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సారు గొంతు సవరించుకుని మొదలెట్టారు.

“నేను ఈ కళాశాలలో... పరీక్షల విభాగం సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సారు కాగితం వంక అనుమానంగా చూసి, “టైపింగ్ మిస్టేకు,” అని ముందుకెళ్ళారు. చదవడం అలవాటు లేని మనిషికి ఆగడం కూడా చేతకాదు.

“మా ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి వెళ్ళిన ఏ కాగితమూ చదవబడదు. సంతకం మాత్రం తప్పక పడుతుంది. ఒక టైంటేబుల్‌లో తప్పు ఉందని నేను ముందే చూపించాను. సంతకం అయిపోయాక మారిస్తే తన మాటకి విలువ ఉండదని... ఆయన...”

అక్కడ గొంతు సన్నబడింది. నవ్వులు కూడా ఆగిపోయాయి. ఆ ఏడాది పోయిన పిల్లకి పాఠం చెప్పిన లెక్చరర్లు ముందు వరసలోనే ఉన్నారు.

“చదవండి,” అన్నారు టీచరు గారు తెర మీంచి.

“ఇది... మా సెక్షన్‌లో ఏదో పొరపాటు జరిగిందండీ. వేరే డ్రాఫ్టు పెట్టారు.”

“డ్రాఫ్టు పెట్టారా? అంటే ఈ పేపరు మీరు రాయలేదా?”

“రాసేది వాళ్ళే కదండీ,” అన్నారు సారు. అబద్ధమాడాలన్న ఆలోచన కూడా ఆయనకి రాలేదు. అది తప్పని తెలిస్తే కదా అబద్ధం అవసరం!

“ఈ ఒక్కటేనా?”

“మొదట్నుంచీ వాళ్ళే పెడుతున్నారండీ. మా దగ్గర పద్ధతే అది.”

టీచరు గారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. తర్వాత, “ఈ పేపరు తనదని మన క్లాసులో ఇంకొకరు అంటున్నారు. మీరున్నారా? ఏం జరిగిందో అందరికీ చెప్పండి,” అన్నారు.

నేను మైకు ఆన్ చేసి లేచాను. పెద్ద తెర మీద నల్ల డబ్బా పక్కన ఇన్నాళ్ళూ ఉన్న గడిలో నా మొహం పెద్దదయింది. నా గొంతు హాలు వెనకనుంచీ, వేదిక మీది స్పీకర్లోంచీ కూడా వచ్చింది. సారు తెరని చూసి, నన్ను చూసి, మళ్ళీ తెరని చూశారు.

“మీరిక్కడేం చేస్తున్నారమ్మా?”

“మాస్టర్స్ చేస్తున్నానండీ! మాస్టర్స్! చదువు! చెకప్ కాదు! మీ గదిలో చెప్పాను, అర్జీలో రాశాను, ఫోన్లో అరిచాను. మీరు క్లాసులో చేరిన రోజు నుంచి మీ పక్క గడిలోనే కూర్చుంటున్నాను. ఆ కాగితాలు నావి. నా బల్ల మీంచి మీరు పట్టుకెళ్ళారు, చదవకుండా పంపించారు, ఇప్పుడు నేను నకలు కొట్టానని ఎర్రగీత నా పేరు మీద పడింది!”

ఇక ఆగేది లేదనుకుని టీచరు గారి వైపు తిరిగాను.

“ఇంకొకటి కూడా చెప్పాలండీ. ఆయన మిగతా అసైన్‌మెంట్లన్నీ నేనే రాశాను. అదీ తప్పే. భయపడి రాశాను. దానికేం శిక్ష వేస్తారో వెయ్యండి. కానీ ఈ పేపరు మాత్రం నాది. ఆ పిల్ల అడిగింది నన్ను. జవాబు చెప్పాల్సింది నేను.”

“మిగతా వాటి సంగతి కమిటీ చూస్తుంది. మీకు కూడా నోటీసు వస్తుంది, మీ డిగ్రీ ఆలస్యం కావచ్చు,” అన్నారు టీచరు గారు. “ఈ పేపరు ఆయన పేరు మీంచి తీసేస్తున్నాను. మీదే అయితే, మీరే వచ్చి చదవండి.”

లాప్‌టాప్ చంకన పెట్టుకుని వేదిక వైపు నడిచాను. దారిలో అటెండరు బాబాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“అయితే షుగరు లేదామ్మా?”

“లేదు బాబాయ్.”

“మరి ఇన్నాళ్ళూ ఆ చప్పటి టీ...”

“తాగాను బాబాయ్. ఇక్కడ చాలానే మింగాను.”

వేదికెక్కి సారు ముందు చెయ్యి చాపాను. ఆయన కాగితాలు ఇచ్చారు. ఇస్తూ అలవాటు కొద్దీ జేబులో పెన్ను కోసం తడుముకున్నారు.

“అక్కర్లేదండీ,” అన్నాను. “మొదటి పేజీ నుంచి చదువుతాను. కూర్చోండి సార్.”