జెండాల కింద

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అన్నారు పెద్దలు. ఆ అన్నవాళ్లలో ఒక్కరైనా స్విమ్మింగ్ పూల్ పక్కన సిమెంటు బెంచీ మీద నిద్రపోయి ఉండరు. మన బస్సు డ్రైవరు మాత్రం ప్రతి శనివారం నిద్రపోయేవాడు. కాళ్లు చాపుకుని కాదు, పాపం. కూర్చునే, చేతులు కట్టుకుని, గడ్డం గుండెకు ఆనించి, ఒళ్లో పిల్లల తువ్వాళ్ల సంచీ పెట్టుకుని. విజిళ్లూ, కేకలూ, అరవై మంది పిల్లలు నీళ్లు చిందించే చప్పుడూ ఏవీ అతన్ని లేపేవి కావు. "నాన్నా" అన్న పిలుపు లేపేది, అదీ మూడోసారి పిలిస్తే.

వారంలో ఎక్కువ రోజులు అతనిది రెండో షిఫ్టు. బస్సు డిపోలో పెట్టి, తాళం అప్పగించి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. భార్య ఆసుపత్రిలో నర్సు. ఆవిడ తెల్లవారుజామున ఐదు కాకముందే ఇల్లు కదలాలి. ఒకే కప్పు కింద కాపురం చేస్తున్న ఆ మొగుడూ పెళ్లాలు ఎక్కువగా మాట్లాడుకునేది ఫ్రిజ్ తలుపుకి అంటించిన చీటీలతోనే. శనివారం ఆవిడకి డ్యూటీ, అతనికి సెలవు. సెలవంటే ముగ్గురు పిల్లల్నీ పాత కారులో వేసుకుని ఏడున్నరకల్లా పూల్ దగ్గర దిగడం.

ఆ పూల్‌లో వయసుకి విలువ లేదు. నీళ్లలో మొహం పెట్టి బుడగలు ఊదేవాళ్లు తోకకప్పలు, వాళ్లకి పసుపు టోపీ. ఫోమ్ పలక పట్టుకుని కాళ్లాడించే దగ్గర్నుంచి, పలక వదిలేసి సొంతంగా ఈదేదాకా బాతులు, తెల్ల టోపీ. ఆ పైన చేపలు, నీలం టోపీ. మొహం తడిస్తే ఏడ్చేవాడు పదేళ్లవాడైనా సరే, ఐదేళ్ల పిల్లల మధ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి బుడగలు ఊదాల్సిందే.

డ్రైవరు ఇంట్లో ఐదేళ్ల బుడ్డది తోకకప్ప. తొమ్మిదేళ్ల నడిపోడు బాతు. పన్నెండు దాటి పదమూడుకి దగ్గరపడిన పెద్దది కూడా బాతే. బాధంతా అక్కడే ఉంది.

బాతు చేప కావాలంటే నాలుగు నెలలకోసారి పరీక్ష పెడతారు. ఈ గోడ నుంచి ఆ గోడకి పాతిక మీటర్లు, మధ్యలో ఆగకుండా, పక్కనున్న తాడు ముట్టకుండా ఈదాలి. పెద్దది మూడుసార్లు తప్పింది. మూడుసార్లూ నాన్నగారు బెంచీ మీద కునుకులోనే ఉన్నారు. లేచేసరికి కూతురి చేతిలో తడిసిన చీటీ ఉండేది: తాడు పట్టుకుంది, మళ్లీ రావాలి.

"దమ్ము చాలకపోతే పొద్దున్నే కాస్త పరిగెత్తవే" అన్నాడు మొదటిసారి. మూడోసారికి అతని ఓపిక అయిపోయింది. "చూస్తూ ఉండు, నీ తమ్ముడు నిన్ను దాటేసి పోతాడు" అన్నాడు.

ఆ పిల్ల తల తుడుచుకుంటూ "సరే నాన్నా" అంది, అంతే.

దానికి ఈతంటే ప్రాణమని అతనికి తెలుసు. ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని చేతులాడిస్తుంది. వంటింటి గడియారం ముందు నిలబడి ఊపిరి బిగపట్టి సెకన్లు లెక్కపెడుతుంది. గోడ దగ్గర నీళ్లలోనే పల్టీ కొట్టి వెనక్కి తిరిగే విద్య చేపలకే నేర్పుతారట, దాని గురించి బుడ్డదానికి కథలు చెబుతుంది. ఇన్ని ఉన్న పిల్ల పాతిక మీటర్లు ఎందుకు ఈదలేకపోతోందో అతనికి అంతుపట్టలేదు. అంతుపట్టేదాకా ఆలోచించే తీరికా లేదు.

ఇవాళ నాలుగోసారి. ఇదే ఆఖరు. పదమూడు నిండిన పిల్లల్ని చేపల్లో కొత్తగా చేర్చుకోరు. పెద్దదానికి ఇంకో రెండు నెలల్లో నిండుతాయి. ఇవాళ తప్పితే అది ఇక ఎప్పటికీ చేప కాదు.

చేపల క్లాసు మంగళ, గురువారాలు పొద్దున్న ఐదున్నరకి. ఆ వేళ పెట్టినవాడు పగ పట్టి పెట్టి ఉంటాడని డ్రైవరు నమ్మకం.

ఎనిమిదిన్నరకి పరీక్ష మొదలైంది. ఈత టీచరమ్మ గట్టు మీద చీటీల అట్ట పట్టుకుని నిలబడింది. ఇరవై ఏళ్లుగా తడి నేల మీద నిలబడి నిలబడి మడమలు పగిలిపోయిన మనిషి. పేరు పిలవడం, విజిల్ ఊదడం, రాయడం, మళ్లీ పేరు పిలవడం. బెంచీ మీద మన డ్రైవరు ఈసారైనా కళ్లారా చూడాలని గట్టిగానే అనుకున్నాడు. అనుకున్న రెండు నిమిషాలకే గడ్డం గుండెకు ఆనింది.

క్లాసు ముగించుకుని తువ్వాలు చుట్టుకొచ్చిన బుడ్డది అతని ఒళ్లో కూర్చుని బిస్కెట్లు తింటోంది. చొక్కా నిండా పొడి రాలుతోంది.

"నాన్నా, అక్క వంతొచ్చింది" అని చెవి పట్టుకుని లాగింది. "ఇప్పుడు జెండాల కింద ఆగుతుంది చూడు."

"తప్పు తల్లీ, అలా అనకూడదు. అక్క ఈసారి పాసవుతుంది" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ఉహూఁ. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. జెండాల కిందే."

ఎప్పుడూ అక్కడే అన్న మాటకి అతను కళ్లు తెరిచాడు.

ఆవలి గోడకి ఐదు మీటర్ల ఇవతల, నీళ్లకి అడ్డంగా పైన ఒక తాడు, దానికి వరసగా రంగు జెండాలు. వెల్లకిలా ఈదేవాళ్లకి గోడ దగ్గరపడిందని తెలియడానికి కడతారు. అతని కూతురు వాటి వైపు వెళుతోంది. అది ఈదడం అతను సరిగ్గా చూడటం ఇదే మొదలు. చేతులు చప్పుడు లేకుండా నీళ్లలో దిగుతున్నాయి, లేస్తున్నాయి. తల పక్కకి తిప్పి ఊపిరి తీసుకోవడంలో కంగారు లేదు. అతను ఇంజన్లతో బతికే మనిషి, ఏ బండి ఆయాసపడుతోందో దూరం నుంచే చెప్పగలడు. ఈ పిల్ల ఆయాసపడటం లేదు. ఇంకో నాలుగుసార్లు అటూ ఇటూ తిరగగలదు.

సరిగ్గా జెండాల కింద దాని చెయ్యి పక్కకి వెళ్లి తాడు పట్టుకుంది.

స్టాపు రాగానే బస్సు ఆపినట్టు ఆగింది. ఆగి, అలవాటుగా బెంచీ వైపు చూసింది. బెంచీ మీద నాన్న మెలకువగా ఉండటం చూసి, గబుక్కున తల తిప్పేసుకుంది.

టీచరమ్మ రాసుకుంది. మూడు పేర్ల తర్వాత నడిపోడి వంతు. వాడు ఈదాడనడం కంటే నీళ్లతో కొట్లాడాడనడం న్యాయం. సగం పూల్ తాగి, మిగతా సగం గట్టు మీద పోసి, దగ్గుతూ, తన్నుకుంటూ, తాడు మాత్రం ముట్టకుండా వెళ్లి గోడ పట్టుకున్నాడు. పాస్.

నీలం టోపీ అప్పుడే తలకి పెట్టేసుకుని వాడు పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, చేపనైపోయా! మంగళవారం నుంచి ఐదున్నరకి రమ్మన్నారు!"

"శభాష్‌రా! తీసుకొస్తాను, నీకెందుకు!" అని తండ్రి వాణ్ని తడి ఒంటితోనే ఎత్తుకున్నాడు. సంతోషం అలాంటిది, వెనకా ముందూ చూడనివ్వదు.

వెనకాల పెద్దది జడ పిండుకుంటోంది. "మరి నీ నిద్ర?" అంది.

"నిద్రదేముందే! ఎప్పుడైనా పోవచ్చు" అన్నాడు నవ్వుతూ.

ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. జడ పిండటం ఆపి అతని మొహంలోకి చూసింది. ఆ తర్వాత వంగి, కాళ్ల ముందే ఉన్న చెప్పుల కోసం చాలాసేపు వెతుక్కుంది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఏడాది కిందట, పెద్దది మొదటి పరీక్షకి వెళ్లే ముందు, వంటింట్లో భార్యతో అన్న మాట. "అది గనక చేప అయిందా, నా పని సరి. ఒంటిగంటకి పడుకుని నాలుగున్నరకి లేస్తే ఏదో ఒకరోజు స్టీరింగు మీదే పోతాను." మాటవరసకి అన్నాడు. అని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. పక్క గదిలో మంచం మీద బోర్లా పడుకుని చేతులాడిస్తున్న పిల్ల సంగతి మరిచిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఏడాదిగా ఆ పిల్ల తండ్రి ప్రాణాన్ని కాపాడుకుంటోంది, ఆ తండ్రి దాన్ని దమ్ము లేనిదని తిడుతున్నాడు. ఇవాళ కొడుకు అడగ్గానే ఆ నిద్రనే గాలికొదిలేశాడు.

నడిపోణ్ని దించి, అతను తిన్నగా టీచరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, మా అమ్మాయి కావాలనే ఆగుతోంది. తప్పు నాది. ఇంకొక్కసారి ఈదనివ్వండి."

"తెలుసండి, కావాలనే ఆగుతోందని" అంది ఆవిడ, అట్ట మీంచి తలెత్తకుండా. "గోడంటే భయమేమో అనుకున్నాను. అలాంటి పిల్లలూ ఉంటారు. కూర్చోబెట్టి అడగాలనుకున్నాను. అరవై మంది. వచ్చేవారం అడుగుదాం, వచ్చేవారం అడుగుదాం అనుకుంటూనే ఏడాదైపోయింది."

"అయితే ఇప్పుడు..."

"ఇప్పుడు కుదరదు. మీ ఒక్కరికి ఒప్పుకుంటే రేపు నలభై మంది తల్లులు నా ముందు నిలబడతారు. టోపీ ఇవ్వలేను."

అతను కదల్లేదు. కదిలే ఓపిక కూడా లేనట్టు నిలబడిపోయాడు. టీచరమ్మ నిట్టూర్చి అట్ట చంకలో పెట్టుకుంది.

"మంగళవారం పొద్దున్న ఆ చివరి వరుస ఖాళీగా ఉంటుంది. టికెట్టు కొనుక్కుని ఎవరైనా ఈదొచ్చు. నేను పేరు పిలవను, నేర్పను. కానీ పక్క వరుసలో చేపల మీద అరుస్తాను కదా, అది వినపడితే ఆపలేను" అంది. వెళ్లబోతూ ఆగింది. "పిల్లలకి పెద్దవాళ్ల తోడుండాలి. నిద్రపోయేవాళ్లు తోడు కింద లెక్క కాదు."

ఇంటికి వెళ్లేటప్పుడు వెనక సీట్లో నడిపోడు టోపీ తియ్యలేదు. బుడ్డది వాడి మీద వాలి నిద్రపోయింది. ముందు సీట్లో పెద్దది కిటికీలోంచి చూస్తోంది.

"ఏడాది నుంచా అమ్మడూ?"

"ఊఁ."

"నాకు చెప్పొచ్చు కదే."

"స్టీరింగు మీద పోతానన్నావుగా."

"మాటవరసకి అన్నానే."

"నాకెలా తెలుస్తుంది?"

సిగ్నల్ పచ్చబడింది, వెనక బండివాడు హారన్ కొట్టాడు. కాస్త దూరం పోయాక, "తప్పు నాదేనమ్మా" అన్నాడు. ఆ పిల్ల కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

నిజానికి లెక్క అంత కష్టమైనదేం కాదు. ఏడుకి పూల్ నుంచి తిరిగొచ్చి, పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నం షిఫ్టు దాకా పడుకోవచ్చు. అటూ ఇటూ విరిగిన నిద్రే, కానీ చచ్చేంత కాదు. ఆ మాత్రం లెక్క ఏడాది కిందటే వేసుకుని ఉండొచ్చు. అలసిపోయిన మనిషి ముందు కాదంటాడు, లెక్క తర్వాత వేస్తాడు.

మంగళవారం నాలుగున్నరకి అలారం మోగింది. ఒక చేత్తో దాన్ని నొక్కి, ఇంకో చేత్తో కళ్లు తెరుచుకుని బయటికొస్తే, తలుపు పక్కన బూట్ల బల్ల మీద పెద్దది తయారై కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి కూర్చుందో.

"లేపలేదేమే?"

"లేస్తావో లేదో చూద్దామని."

ఐదున్నరకి పూల్ మీద లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి. భార్య అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయింది కాబట్టి బుడ్డదాన్ని దుప్పటితో సహా ఎత్తుకొచ్చి బెంచీ మీద పడుకోబెట్టాడు. నీలం టోపీల గుంపులోకి నడిపోడు దూకాడు. చివరి వరుసలో తెల్ల టోపీతో పెద్దది ఒక్కతే దిగింది.

మొదటిసారి జెండాల కిందికి రాగానే అతను బెంచీ అంచుకి జరిగాడు. చెయ్యి తాడు మీదికి వెళ్లలేదు. కానీ తల పైకెత్తి బెంచీ వైపు చూసింది. అతను చెయ్యి ఊపాడు. ఆ పిల్ల వెళ్లి గోడ తాకింది.

వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. జెండాల కింద మళ్లీ తలెత్తింది. మళ్లీ చెయ్యి ఊపాడు. నాలుగోసారికి అతని రెప్పలు బరువెక్కాయి. తొడ గిల్లుకున్నాడు. లాభం లేదనిపించి లేచి నిలబడ్డాడు.

"తలలు ఎత్తకండి!" అని టీచరమ్మ తన చేపల మీద అరిచింది. "జెండాల కింద తలెత్తేది ఎవరో గాని, ఎత్తకండి, వేగం పోతుంది!" చేపల్లో ఎవరూ తల ఎత్తలేదు. చివరి వరుసలో ఒక్కతే ఎత్తుతోంది.

తొమ్మిదోసారి ఎత్తింది. పదోసారి ఎత్తింది. అతను ప్రతిసారీ చెయ్యి ఊపాడు.

పదకొండోసారి ఎత్తలేదు. జెండాల కిందుగా తిన్నగా గోడ దాకా వెళ్లి, చేపల్ని చూసి నేర్చుకున్న పల్టీ ఒకటి వంకరగా కొట్టి, ముక్కులోకి నీళ్లు పోయి, దగ్గుతూ వెనక్కి తిరిగింది.

ఇక చూడదు, కూర్చోవచ్చు. బుడ్డదాని కాళ్ల దగ్గర బెంచీ మీద ఒక మనిషి కూర్చునేంత చోటుంది. అతను ఆ చోటు వైపు ఒకసారి చూసి, గంట అయ్యేదాకా నిలబడే ఉన్నాడు.