స్టిక్కరు మీద నంబరు

మంగళవారం పొద్దున తొమ్మిదింపావుకి మా ఆయన నా నంబరును చంపేశాడు. ప్రేమతోనే చంపాడు, కాదనను. ప్రేమతో చేసినదానికి అంత రాద్ధాంతం ఎందుకని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. ఆవిడ అనుకున్నవి ఆవిడ అనుకోవచ్చు, నేను మాత్రం ఊరుకోను.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఎనిమిది భవనాల లిఫ్టులు ఆయన చేతి కింద ఉన్నాయి. ప్రతి లిఫ్టులోనూ మీటల పక్కన ఒక పసుపు స్టిక్కరు ఉంటుంది. "లిఫ్టు ఆగిపోతే కంగారు పడకండి. ఈ నంబరుకు ఫోన్ చేయండి." ఆ నంబరు మోగేది మా వంటింట్లో. ఎత్తేది నేను. ఆయన ఎత్తలేడు. లిఫ్టు ఎక్కి దిగే ఆ నిలువు సందును వాళ్ళు బావి అంటారు, అందులోకి దిగేటప్పుడు ఫోన్ పైన పెట్టి దిగాలి. జేబులోంచి ఏది జారినా కింద ఉన్నవాడి తల పగులుతుంది. అందుకని పదకొండేళ్ళుగా ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా వాళ్ళకు వినబడే గొంతు నాది. వాళ్ళను మాటల్లో పెట్టి, ఆ భవనం కాపలాదారుకు ఫోన్ చేసి, పైన మెషిన్ గదిలో మెయిన్ స్విచ్చి ఎక్కడ ఆపాలో, బ్రేకు ఎలా వదలాలో, లిఫ్టును కదిపే చక్రం ఎటు తిప్పాలో ఒక్కొక్కటీ చెప్పి మనిషిని బయటికి తెప్పించేది నేను. జీతం గీతం ఏమీ లేదు. మా ఆయన స్నేహితుల దగ్గర "మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది" అంటాడు.

నా ఫోన్ పాతదైపోయింది, ఛార్జింగు మధ్యాహ్నం దాకా కూడా నిలవడం లేదని ఆయన కొత్తది తెచ్చాడు. కొత్త ఫోన్‌కు సిమ్ కార్డు పెట్టే అర లేదు. ఉండక్కర్లేదు, పాత ఫోన్లోనూ కార్డు లేదు. పోయిన ఏడాది కార్డు విరిగితే కంపెనీవాళ్ళే దాన్ని కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే ఈ-సిమ్‌గా మార్చారు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, "ఈ లైను ఆ ఫోన్‌కు మార్చు" అని ఒక మీట నొక్కితే రెండు నిమిషాల్లో దానంతటదే వెళ్ళిపోతుంది. కొత్త ఫోన్ తెర మీద బొమ్మలు వేసి మరీ చూపించింది.

మా ఆయన బొమ్మలు చూడడు. ఇరవై రెండేళ్ళుగా మెకానిక్కు. ఆయన పనిలో ఒక నియమం ఉంది. పాత బోర్డు పూర్తిగా ఊడదీయకుండా కొత్త బోర్డు కలపకూడదు. రెండింటికీ ఒకేసారి కరెంటు ఉంటే మనిషి మాడిపోతాడు. ఆ నియమం ఆయన ప్రాణాన్ని రెండుసార్లు కాపాడింది కూడా. అందుకని ఏం చేశాడు? ముందుగా పాత ఫోన్లోంచి లైను తీసేశాడు. "తొలగిస్తే మళ్ళీ పొందడం కష్టం కావచ్చు, నిజంగానే తొలగించాలా?" అని అది అడిగింది. నిజంగానే అని నొక్కాడు. తర్వాత కొత్త ఫోన్ తెరిచి, "ఇప్పుడు ఇందులోకి రావాలి" అన్నాడు.

ఎలా వస్తుంది? కంపెనీవాళ్ళు ఒక కోడ్ పంపారు. ఏ నంబరుకు పంపారు? చచ్చిపోయిన ఆ నంబరుకే.

"ఏం కాదులే, వాళ్ళ షోరూముకి వెళ్ళు, ఐదు నిమిషాల్లో చేసిస్తారు" అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "ఇవాళ ఒకచోట లిఫ్టు తాళ్ళు మార్చాలి. మనుషులు నా కోసం చూస్తున్నారు."

"ఈలోపు ఎవరైనా ఇరుక్కుంటే?"

"రోజూ ఇరుక్కుంటారా ఏంటి?"

రోజూ ఇరుక్కుంటారు. ఆయనకు తెలియదు, ఎందుకంటే ఎత్తేది నేను. ముఖ్యంగా పంతులమ్మగారు. ఆవిడ డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యారు, ఆరో అంతస్తులో ఒక్కరే ఉంటారు. ఆ లిఫ్టు తలుపు తాళం అరిగిపోయింది, మార్చమంటే ఆ భవనం యజమాని వచ్చే నెల, వచ్చే నెల అని ఏడాదిగా నాన్చుతున్నాడు. మోకాళ్ళు పనిచెయ్యవు కనుక ఆవిడ ఎక్కక తప్పదు, వారానికోసారి ఇరుక్కోకా తప్పదు. మూసిన చోటంటే ఆవిడకు చచ్చేంత భయం. ఫోన్ ఎత్తగానే ముందు ఊపిరే వినబడుతుంది, మాట తర్వాత వస్తుంది. మేమిద్దరం ఒకరినొకరం ఎప్పుడూ చూసుకోలేదు.

షోరూము పదింటికి తెరిచారు. లోపల చల్లగా ఉంది, గోడ నిండా నవ్వే మొహాలు. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. నా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. కౌంటరు దగ్గర అమ్మాయి నేను చెప్పింది విని, తెర చూసి, "లైను మీ పేరు మీద లేదు మేడమ్" అంది.

"మా ఆయన పేరు మీద ఉంది. వాడేది నేను."

"అయితే ఆయన రావాలి. లేదంటే రిజిస్టరైన నంబరుకి కోడ్ వస్తుంది, అది చెప్పినా చాలు."

"ఆ నంబరే పోయిందమ్మా. అందుకేగా వచ్చాను."

"అవును మేడమ్. నంబరు పోయినప్పుడు ఆయనే రావాలి."

"సరే, దానికొచ్చే కాల్స్ వేరే నంబరుకి మళ్ళించు. ఇవాళ ఒక్కరోజు."

"దానికీ కోడ్ కావాలి మేడమ్."

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇటు చూడమ్మా. ముప్పై ఎనిమిది లిఫ్టుల్లో ఆ నంబరు అంటించి ఉంది. లోపల ఇరుక్కున్నవాళ్ళకి వేరే దిక్కు లేదు. నీకు కోడ్ కావాలి, నాకు మనుషులు కావాలి."

"వాళ్ళు మామూలుగా ఇంకెవరికైనా ఫోన్ చేసుకుంటారు కదా మేడమ్?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. దాంతో నాకింకా ఒళ్ళు మండింది.

వెనక టోకెన్లవాళ్ళు గొణుగుతున్నారు. చివరికి ఆ అమ్మాయి జాలిపడి తన బల్ల మీది ఫోన్ ఇటు తిప్పి, ఒక్క కాల్ చేసుకోమంది. మా ఆయనకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బావిలో ఉన్నాడు. ఇంకొక్కటి అని బతిమాలి, నా నంబరుకు నేనే చేసి చూశాను. ఎవరో ఆడమనిషి చక్కెర కలిపిన గొంతుతో, "మీరు ప్రయత్నిస్తున్న చందాదారు ప్రస్తుతం అందుబాటులో లేరు" అంది. పదకొండేళ్ళు నేను కూర్చున్న చోట అది కూర్చుని అబద్ధం చెబుతోంది. నేను అందుబాటులోనే ఉన్నాను, దాని ఎదురుగానే ఉన్నాను!

బస్సెక్కి ఆయన పనిచేసే భవనానికి వెళ్ళాను. తొమ్మిదంతస్తులు మెట్లెక్కాను, లిఫ్టు ఆయనే ఆపాడు కదా. పైన మెషిన్ గదిలో ఆయన చిన్న ఫోన్ ఒక గుడ్డ మీద హాయిగా పడుకుని ఉంది. బావిలోకి తొంగిచూసి అరిచాను.

"పైకి రండి! మీరొస్తేగానీ లైను ఇవ్వరట."

కింది నుంచి ఆయన తల కనబడింది. "ఇప్పుడు రాలేను. పాత తాళ్ళు తీసేశాను, కొత్తవి ఇంకా ఎక్కలేదు. లిఫ్టు గది గొలుసు మీద వేలాడుతోంది. ఇలా వదిలేసి వస్తానా?"

అప్పుడు చూశాను. లిఫ్టు గదిని బలమైన గొలుసుతో దూలానికి కట్టి, కింద కూడా అడ్డు పెట్టి, ఆ తర్వాతే తాళ్ళు విప్పాడు. ఒక్క గొలుసు కాదు, రెండు.

"తాళ్ళు తీసేముందు గదిని గొలుసుకి వేశారు కదా?"

"వెయ్యకపోతే పడిపోదూ!"

"నా నంబరుని దేనికి వేశారు?"

కింద పనివాళ్ళెవరో దగ్గారు. నేను ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయదగినవి కావు. ఇరవై రెండేళ్ళ పనితనం ఇనుము దగ్గరే ఆగిపోయిందనీ, ఇంటిదాకా రాలేదనీ అన్నాను. ఆయన తలెత్తకుండా విన్నాడు. రెండింటికల్లా ముగించి వస్తానన్నాడు.

ఆయన ఫోన్ తీసుకుని, పాత ఫోన్లో దాచుకున్న నంబర్లు చూసి, పంతులమ్మగారి కాపలాదారుకు చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. పంతులమ్మగారికే చేశాను. స్విచాఫ్ అని వచ్చింది. ఆవిడ పగలు ఫోన్ ఎప్పుడూ ఆపరు. స్నానానికి వెళ్ళినా తలుపు దగ్గర పెట్టుకుంటారు, నాకు తెలుసు. తొమ్మిదంతస్తులూ ఎలా దిగానో గుర్తులేదు.

ఆ భవనం గుమ్మంలోకి వెళ్ళేసరికి పావు తక్కువ ఒంటిగంట. లిఫ్టు తలుపుకు "పనిచేయదు" అని అట్ట వేలాడుతోంది. కాపలాదారు టీ తాగి అప్పుడే వచ్చి కుర్చీలో కూలబడుతున్నాడు.

"ఈ అట్ట ఎప్పుడు పెట్టావు బాబాయ్?"

"పదకొండింటప్పుడమ్మా" అన్నాడు నా గొంతు గుర్తుపట్టి. "మీట నొక్కితే కదల్లేదు. జనం ఇబ్బంది పడకూడదని పెట్టేశాను."

"లోపల ఎవరైనా ఉన్నారేమో చూశావా?"

"ఉంటే మీరు ఫోన్ చేస్తారుగా!"

నిజమే, పదకొండేళ్ళుగా అంతే. మెట్ల మీద పైకి పరుగెత్తాను. ఒక్కో అంతస్తులో ఆగి వింటూ, నాలుగో అంతస్తు లిఫ్టు తలుపుకు చెవి ఆనించి, "పంతులమ్మగారూ!" అన్నాను. చప్పుడు లేదు. మళ్ళీ పిలిచాను. లోపల చీర రాసుకున్నంత సన్నటి అలికిడి అయింది. ఆ తర్వాత ఊపిరి వినబడింది. ఆ ఊపిరి నాకు తెలుసు.

"నేనే వచ్చానమ్మా. నేనే. ఇక్కడే ఉన్నాను, పైకి వెళ్ళి చక్రం తిప్పి వస్తాను. కింద కూర్చోండి."

కాపలాదారు మెషిన్ గది తాళంచెవి తెచ్చాడు. మెయిన్ ఆపాను. అతను బ్రేకు వదిలి పట్టుకుంటే చక్రం నేను తిప్పాను. వందసార్లు వందమందికి నోటితో చెప్పిన పని, చేత్తో చెయ్యడం అదే మొదటిసారి. ఎంత బరువో అప్పుడు తెలిసింది. గది అంతస్తుకు సరిగ్గా వచ్చిందని చెప్పే తాడు మీది తెల్లగీత అంచుకు రాగానే ఆపి, నాలుగో అంతస్తుకు దిగి తలుపు లాగాను.

ఆవిడ మూలన నేల మీద కూర్చుని ఉన్నారు. దీపం కూడా ఆరిపోయింది. ఫోన్‌తో వెలుతురు వేసుకుంటూ ఉండగా అదీ ఆరిపోయిందట. నేను ఊహించుకున్నదానికంటే చాలా చిన్న మనిషి. నా చెయ్యి పట్టుకుని లేచి, మెట్టు మీద కూర్చున్నారు. నీళ్ళు తాగించాను. లిఫ్టు పదీ నలభైకి ఆగిందట.

"ఇంకెవరికైనా చెయ్యాల్సింది కదమ్మా" అన్నాను. ఆ కౌంటరు అమ్మాయి మాటే నా నోట వచ్చింది.

"యజమానికి చేశాను. స్టిక్కరు మీద నంబరుంది కదా, దానికి చెయ్యండి అని పెట్టేశాడు."

"నా లైను పోయిందమ్మా. పొద్దున్నించీ దానికోసమే తిరుగుతున్నాను."

"అలాగా!" అన్నారు. ఆవిడ మొహం ఒక్కసారిగా తేటపడింది. "నేనింకా నీకు విసుగొచ్చిందేమో అనుకున్నాను తల్లీ. పోయినవారం చేసినప్పుడు 'మళ్ళీ మీరేనా' అన్నావు కదా. పదేపదే చేస్తే బావుండదని ఆపేశాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చూస్తారులే అని కూర్చున్నాను."

అన్నాను. పొయ్యి మీద ఏదో మాడుతోంది, అన్నాను. అన్నట్టు కూడా నాకు గుర్తులేదు, ఆవిడ చెప్పేదాకా.

మా ఆయన నాలుగింటికి షోరూముకు వచ్చాడు. అదే కౌంటరు, అదే అమ్మాయి. ఆయన మొహమూ గుర్తింపు కార్డూ సరిపోల్చుకుని, కాగితం మీద ఒక గళ్ళ చదరం అచ్చువేసి ఇచ్చింది. కొత్త ఫోన్‌తో దాన్ని ఫోటో తీసినట్టు చూపించాం. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. లైను వచ్చింది. వెంటనే, మీరు అందుబాటులో లేనప్పుడు వచ్చిన కాల్స్ ఇవీ అంటూ సందేశాలు వరసగా దిగాయి.

"చదవండి" అన్నాను. "పైకి చదవండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. పదీ నలభై రెండు. పదీ నలభై మూడు, రెండుసార్లు. పదీ నలభై ఐదు. అన్నీ పంతులమ్మగారి నంబరే. పదీ యాభై ఎనిమిది దగ్గర ఆగి, కిందికి జరిపి చూసి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"మొత్తం పదకొండే. ఆ తర్వాత నువ్విక్కణ్ణించి చేసుకున్నది తప్ప ఒక్కటి కూడా లేదు. నేనింకా ఎన్ని ఉంటాయో అనుకుని హడలిపోయాను."

కౌంటరు అమ్మాయి కూడా నా వైపు చూసి, పరవాలేదన్నట్టు నవ్వింది.

ఆ తర్వాత ఎందుకు లేవో నేను చెప్పాలి. పొద్దున్నించీ ఎదురైన ప్రతి మనిషి మీదా అరిచిన నోరు నాది. 'మళ్ళీ మీరేనా' అన్న నా ఆ ఒక్క మాట సంగతి మాత్రం చెప్పలేకపోయాను. ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఇంటికి వెళ్దాం పదండి అన్నాను.