ఆడగొంతుకు ఎడ్లు బెదురుతాయి

మైకు రసూల్‌కు గొంతు పోయింది. ఈ మాట కారంపూడిలో ఎవరికి చెప్పినా ముందు నవ్వారు, ఆ తర్వాతే అయ్యో పాపం అన్నారు. నవ్వరూ మరి! పల్నాట్లో ఎడ్ల బండలాగుడు పోటీ ఎక్కడ జరిగినా ముప్పై ఏళ్లుగా మైకు ఆయనదే. బండ ఎన్ని అడుగులు కదిలింది, ఇంకా ఎన్ని నిమిషాలుంది, ఎడ్లవారి తాత ఎంతటివాడు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషి. నిఖాలో కూడా కబూల్ అన్న మాట మూడు ఊళ్లకు వినపడేలా చెప్పాడని భార్య హమీదా ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటివాడు బెల్లంకొండలో అయిదు రోజులు అరిచి ఇంటికొచ్చేసరికి, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నరసరావుపేట డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, "నెల రోజుల్లోపల నోరు విప్పావంటే ఇక జన్మలో విప్పలేవు. గుసగుసలు కూడా వద్దు" అన్నాడు.

నెల రోజులు! పది రోజుల్లో కారంపూడి పోటీలు పెట్టుకుని. కమిటీ పెద్ద హనుమయ్య అప్పుడే మాచర్ల నుంచి ఇంకో మైకువాణ్ణి పిలిపించే మాట అంటున్నాడు. చేయి మారిన మైకు మళ్లీ తిరిగొస్తుందా? రసూల్‌కు అన్నం సయించడం లేదు.

ఇంట్లో ఆయన కూతురు షాహిస్తా ఉంది, డిగ్రీ చివరి ఏడు. పసితనం నుంచి గరిటె పట్టుకుని "ఇంకా రెండే నిమిషాలు! రెండే నిమిషాలు!" అని ఇల్లెగరగొట్టిన పిల్ల. మూడేళ్ల కిందట తిరునాళ్లలో ఆయన టీ తాగడానికి లేస్తుంటే, "ఒక్క జతకు నేను చెబుతా నాన్నా" అని అందరి ముందూ అడిగింది. "ఆడగొంతుకు ఎడ్లు బెదురుతాయి" అని మైకులోనే అనేశాడు రసూల్. అది ఏ శాస్త్రంలో ఉందో ఆయనకే తెలియదు. ఆ నిమిషానికి నోటికొచ్చింది. జనం గొల్లుమన్నారు. కమిటీవాళ్లకు మాత్రం అది చట్టమై కూర్చుంది. ఆ తర్వాత షాహిస్తా మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు తండ్రి గొంతు పోయినప్పటి నుంచి రోజూ అడుగుతోంది, ఆయన రోజూ తల అడ్డంగా ఊపుతున్నాడు.

ఇంతలో హైస్కూలు ఆటల టీచరు వాసంతి వచ్చిపడింది. ఆదివారం పిల్లలకూ తల్లిదండ్రులకూ సినిమా వేస్తున్నారట. అమెరికాలో నల్లవాళ్లను తెల్లవాళ్లతో కలిపి పరిగెత్తనివ్వని రోజుల్లో, పట్టుబట్టి పరిగెత్తినవాడి కథ. మాటలన్నీ ఇంగ్లిషు. కథ ముందే చెప్పిపెడితే రసూల్ పక్కన నిలబడి తెలుగులో చెబుతాడని ఊరంతా చాటేసింది, గొంతు సంగతి తెలియక.

"నేను చెబుతా మేడం," అంది షాహిస్తా. తండ్రి వైపు తిరిగి, "అక్కడ ఎడ్లుండవుగా నాన్నా?" అంది.

ఈసారి రసూల్ తల అడ్డంగా ఊపలేదు.

ఆదివారం మధ్యాహ్నం స్కూలు వరండాలో పెద్ద టీవీ పెట్టి, రసూల్ సొంత స్పీకర్లే తగిలించారు. ముందు వరస కుర్చీలో హనుమయ్య, పక్కన ఆయన భార్య కృష్ణకుమారి. బొమ్మ పడటం ఆలస్యం, షాహిస్తా అందుకుంది.

"పత్తిచేలో పుట్టాడమ్మా ఈ పిల్లోడు! కాళ్లకు చెప్పుల్లేవు, కాళ్లకింద సెంటు భూమి లేదు. పరిగెత్తాడా, గాలే పక్కకు తప్పుకోవాల!"

"వాళ్లకీ పత్తేనంటే?" అంది కృష్ణకుమారి.

"పత్తే పెద్దమ్మా. చేను తెల్లోడిది, చెమట వీళ్లది."

తెర మీద రెండు మంచినీళ్ల పంపులు కనపడ్డాయి, ఒకటి తెల్లవాళ్లకు, ఒకటి నల్లవాళ్లకు. "మన టీకొట్లో గ్లాసుల మాదిరి," అన్నారు వెనక నుంచి ఎవరో. ముందు వరస వెనక్కి తిరగలేదు.

రసూల్ మొదట తప్పులు వెతుకుతూ కూర్చున్నాడు. ఇక్కడ గుక్క తిప్పుకోవాలి, అక్కడ గొంతు లేపాలి అని లోలోపలే సణుక్కున్నాడు. కాసేపటికి వెతకడం మరిచిపోయాడు. తెర మీద పోటీల పెద్ద, సూటు వేసుకున్న తెల్లాయన, కుర్రాడి పేరు కొట్టేస్తున్నాడు.

"ఏమంటన్నాడో తెలుసా?" అంది షాహిస్తా. "నాకేం అభ్యంతరం లేదు, జనమే ఒప్పుకోరు, అంటన్నాడు!"

హనుమయ్య కుర్చీలోంచి లేచాడు. "జనం మీదకు నెడతావేందిరా? ఆపేది నువ్వు కాదూ! నీ నోట్లో మన్నుబడ!"

"కూర్చోవయ్యా, ఆయనకు తెలుగు రాదు," అంది కృష్ణకుమారి.

చివరికి ఆ కుర్రాడు గీత మీదకొచ్చి వంగాడు. అప్పుడు షాహిస్తా మాట్లాడటం ఆపేసింది. వరండా మొత్తం ముందుకు వంగింది. ముప్పై ఏళ్లలో రసూల్ మైకు ముందు ఒక్కసారి కూడా నోరు మూయలేదు. మూస్తే ఇంత బాగుంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. తుపాకీ పేలింది, పిల్ల గొంతు లేచింది, ఇక చెప్పేదేముంది! కుర్రాడు దారం తెంపేసరికి ముసలివాళ్లు కూడా ఈలలు వేశారు. హనుమయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

షాహిస్తా మైకు దించకుండానే హనుమయ్య వైపు తిరిగింది. "పెదనాన్నా, శుక్రవారం పోటీలకు మైకు నాకిస్తారా?" అంది.

హనుమయ్య కండువా సర్దుకున్నాడు. "నాకేం అభ్యంతరం లేదమ్మాయ్. ఎడ్లే…"

మాట పూర్తి కాలేదు. పిల్లలంతా "నాకేం అభ్యంతరం లేదు!" అని ఒక్క గొంతుతో అరిచారు. వరండా నవ్వులతో ఊగిపోయింది.

"ఎడ్లేందయ్యా, ఎడ్లు?" కృష్ణకుమారి కొంగు బిగించింది. "మన ఎడ్లను దూడలప్పటి నుంచి మేపింది నేను. నా గొంతు ఇనపడందే కుడితి ముట్టవు. నువ్వు పిలిస్తే తోకన్నా ఊపుతాయా?"

"అది నా మాట కాదే తల్లీ!" హనుమయ్య చేయి చాచి చూపించాడు. "ఇదిగో, రసూలే చెప్పాడు. ముప్పై ఏళ్ల అనుభవస్తుడు. ఉండాడుగా, అడగండి!"

అందరూ రసూల్ వైపు తిరిగారు. ఊరికే కూర్చున్నా ఆయన్ను తప్పుపట్టేవాళ్లు లేరు, డాక్టరే నోరు కట్టేశాడు. మాచర్లవాడు ఒక ఏడాది వస్తాడు, పోతాడు, వాణ్ణి దాటి మైకు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఈ పిల్ల ఒక్కసారి పట్టుకుంటే మాత్రం ఇక తనను ఎవరూ పిలవరు. ఆ సంగతి రసూల్‌కు ఇవాళ కొత్తగా తెలియలేదు. మూడేళ్ల కిందట టీకి లేచినప్పుడే తెలుసు. ఇన్నాళ్లూ ఆ భయాన్ని నోరులేని ఎడ్ల నెత్తిన రుద్దాడు.

లేచి, కూతురి చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "వద్దయ్యో!" అని హమీదా కేక పెట్టింది. స్పీకర్లలోంచి తుప్పుపట్టిన గిలక తిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. అది రసూల్ గొంతని పోల్చుకోవడానికి జనానికి కొంచెం సేపు పట్టింది.

"ఎడ్లు బెదరవు. ఆ రోజు బెదిరింది నేను. నాకంటే బాగా చెబుద్దని."

ఎవరూ నవ్వలేదు. హనుమయ్య నేల చూసుకుంటూ, "శుక్రవారం ఏడింటికల్లా బరి కాడుండు అమ్మాయ్," అన్నాడు.

షాహిస్తా మైకు లాక్కుంది. "డాక్టరు మాట్లాడొద్దన్నాక నీకెందుకు…" అని తండ్రిని తిట్టబోయింది. రెండు గంటలు ఏకబిగిన చెప్పిన పిల్లకు ఆ ఒక్క తిట్టు పూర్తిగా రాలేదు.